ఒక చందా, పలు తెరలు: వార్తాపత్రిక పాస్‌వర్డ్ కూడా ఒక అమానతే

ఫజ్ర్ నమాజు ముగించుకొని వచ్చేసరికి గుమ్మం ముందు పడి ఉండే దినపత్రికను ఇంటిల్లిపాదీ పంచుకొని చదవడం మన ఇళ్ళలో తరతరాల అలవాటు. మొదటి పేజీ తండ్రిది, ఆటల పేజీ కొడుకులది, ఆదివారం అనుబంధం తల్లీకూతుళ్ళది. మధ్యాహ్నానికి ఆ పత్రిక పొరుగింటికి చేరేది. సాయంత్రానికి మస్జిదు పక్కనున్న టీ హోటలు బల్లపై కనిపించేది. నెలాఖరుకు పాత కాగితాల వాని తక్కెడలోకి వెళ్ళేది. ఒక్క ప్రతిని పదిమంది చదివేవారు. అది తప్పని ఎవరూ అనలేదు, అనవలసిన అవసరమూ రాలేదు.

ఇప్పుడు అదే పత్రిక ఫోనులోకి వచ్చింది. ఏడాదికి ఒకసారి చందా చెల్లిస్తే చాలు, పూర్తి పత్రిక అరచేతిలో తెరుచుకుంటుంది. చందా తండ్రి పేరున ఉంటుంది. అదే లాగిన్‌తో తల్లి తన ఫోనులో చదువుతుంది, కుమార్తె హాస్టలులో ట్యాబ్‌పై చదువుతుంది. కువైట్‌లో ఉద్యోగం చేస్తున్న పెద్ద కొడుకు ఇంటికి ఫోను చేసి పాస్‌వర్డ్ అడుగుతాడు. పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్న మేనల్లుడు "మామూజాన్, మీ పేపరు లాగిన్ ఒకసారి పంపండి" అని సందేశం పెడతాడు. అతని నుండి అతని గదిలోని ముగ్గురు స్నేహితులకు అది చేరుతుంది. చందా కట్టినవారు ఒక్కరు. చదువుతున్నవారు ఎందరో ఆ ఒక్కరికే తెలియదు.

ఇందులో పంచుకోవడం ఎక్కడి వరకు, మాట తప్పడం ఎక్కడి నుండి? మా పాఠకులు కొంతకాలంగా అడుగుతున్న ప్రశ్న ఇది. చిన్న విషయమే కదా అని కొందరు తేలికగా తీసుకుంటారు. మరికొందరు మనసులో గుచ్చుకుంటున్నా అడగడానికి సంకోచిస్తారు. లావాదేవీల్లో చిన్నదీ పెద్దదీ అనే తేడా లేకుండా నిజాయితీని కోరే ధర్మం మనది. అందుచేత ఈ విషయాన్ని కొంత వివరంగా పరిశీలించడం అవసరమని మేము భావించాము.

మనం కొన్నది ఏమిటి?

కాగితపు పత్రికను కొన్నప్పుడు ఆ కాగితం మన సొంతమవుతుంది. దానిని చదవవచ్చు, దాచవచ్చు, ఎవరికైనా ఇవ్వవచ్చు, అమ్మవచ్చు. ఒకరి చేతిలో ఉన్నప్పుడు అది మరొకరి చేతిలో ఉండదు గనుక పంచుకోవడానికి ఒక సహజమైన హద్దు కూడా ఉంటుంది.

డిజిటల్ చందాలో మన సొంతమయ్యే వస్తువు ఏదీ లేదు. వ్యాసాలు, చిత్రాలు ప్రచురణకర్తల దగ్గరే ఉంటాయి. నిర్ణీత కాలం పాటు, నిర్ణీత షరతులపై వాటిని చూసేందుకు వారు మనకు అనుమతి ఇస్తారు. మనం చెల్లించేది ఆ అనుమతికి మూల్యం. చందా తీరిన మరునాడే తలుపు మూసుకుపోవడం దీనికి నిదర్శనం.

ఈ అనుమతి ఎలా పని చేస్తుందో తెలుసుకుంటే షరతులూ సులభంగా అర్థమవుతాయి. మనం ఫోను నెంబరు ఇచ్చి ఓటీపీ నమోదు చేసినప్పుడో, పాస్‌వర్డ్ కొట్టినప్పుడో ప్రచురణకర్తల కంప్యూటరు మన పరికరానికి ఒక గుర్తింపు చీటీ వంటిది ఇస్తుంది. మనం పేజీ తెరిచిన ప్రతిసారీ ఆ పరికరం ఆ చీటీని చూపించి లోనికి వెళుతుంది. ఒక చందాపై ఎన్ని చీటీలు జారీ అయ్యాయో అవతలివారికి తెలుస్తూనే ఉంటుంది. పరిమితి దాటితే కొత్త పరికరాన్ని అనుమతించకపోవచ్చు, లేదా పాత చీటీ రద్దు కావచ్చు. కొడుకు అక్కడ లాగిన్ కాగానే తండ్రి ఫోనులో పత్రిక మూసుకుపోవడానికి కారణం ఇదే.

చందా షరతులు సాధారణంగా మూడు రకాలుగా ఉంటాయి. మొదటిది పరికరాల సంఖ్య: మొత్తం ఎన్ని ఫోన్లలో, కంప్యూటర్లలో లాగిన్ కావచ్చునన్నది. రెండవది ఏకకాల వినియోగం: ఒకే సమయంలో ఎన్ని తెరలపై చదవవచ్చునన్నది. మూడవది వ్యక్తి పరిమితి: ఆ చందా ఒక్కరి కోసమా, ఇంటివారందరి కోసమా అన్నది. ఎక్కువ మంది పొరపడేది ఈ మూడవ దాని దగ్గరే. మూడు పరికరాలకు అనుమతి ఉందంటే ముగ్గురు మనుషులకు అనుమతి ఉందని అనుకుంటారు. నేడు ఒక్క మనిషికే ఫోను ఉంటుంది, ట్యాబ్ ఉంటుంది, ఆఫీసులో కంప్యూటరు ఉంటుంది. ఆ ఒక్కరి సౌకర్యం కోసమే ఆ సంఖ్య ఇచ్చి ఉండవచ్చు. చందా వ్యక్తిగత వినియోగానికి మాత్రమేనని, ఇతరులకు బదిలీ చేయరాదని అనేక పత్రికల నిబంధనల్లో వేరుగా రాసి ఉంటుంది. చదవకుండానే "అంగీకరిస్తున్నాను" అనే గడిని నొక్కుతాము గనుక ఆ వాక్యం మన కంటబడదు. కంటబడకపోయినా అంగీకారం మాత్రం మనదే.

ఇల్లు, గుర్రం: ఫుఖహాలు చూపిన తేడా

ఇంటర్నెట్ కొత్తదే. ఒకరి సొత్తును షరతులపై మరొకరు వాడుకోవడం మాత్రం ఎంతో పాతది. దాని గురించి మన ఫుఖహాలు శతాబ్దాల క్రితమే సూక్ష్మంగా ఆలోచించారు.

హనఫీ ఫిఖ్‌హ్‌లో ప్రసిద్ధి చెందిన ఇమామ్ మర్గీనానీ గ్రంథం 'అల్ హిదాయా' అద్దె వ్యవహారాలను చర్చించే భాగంలో రెండు ఉదాహరణలు కనిపిస్తాయి. ఒకటి ఇల్లు. నివాసానికి ఇల్లు అద్దెకు తీసుకున్నవాడు అందులో తాను ఉండవచ్చు, మరొకరినీ ఉంచవచ్చు. అయితే కమ్మరినో, పిండిమర నడిపేవానినో పెట్టరాదు. ఎందుకంటే ఆ పనుల వల్ల కట్టడానికి నష్టం కలుగుతుంది. రెండవది సవారీ జంతువు. ఫలానా వ్యక్తి స్వారీ చేస్తాడన్న షరతుతో అద్దెకు తీసుకొని, దానిపై మరొకరిని ఎక్కించి, ఆ జంతువు చనిపోతే తీసుకున్నవాడే నష్టపరిహారం చెల్లించాలి. మనిషికీ మనిషికీ స్వారీలో తేడా ఉంటుంది గనుక ఎవరు ఎక్కుతారన్న షరతుకు అక్కడ విలువ ఉంది.

డిజిటల్ చందా ఇల్లు వంటిదా, గుర్రం వంటిదా? కొడుకు చదివినంత మాత్రాన పత్రిక అరిగిపోదు కదా, కనుక అది ఇల్లు వంటిదే అని ఎవరైనా వాదించవచ్చు. ఆ వాదనలో కొంత బలం ఉంది. పత్రిక అక్షరం అరగకపోవచ్చు, కాని చందా కట్టగలిగిన నలుగురు ఒకే లాగిన్‌తో చదివితే పత్రికకు రావలసిన మూడు చందాలు రాకుండా పోతాయి. ప్రచురణకర్తలు వ్యక్తి పరిమితి పెట్టింది ఆ నష్టాన్ని నివారించుకోవడానికే. కనుక ఆ షరతు స్పష్టంగా ఉన్న చోట చందా గుర్రం వంటిదవుతుంది. ఇంటివారందరికీ అనుమతి ఉన్న చోట ఇల్లు వంటిదవుతుంది. ఏది ఏమిటన్నది చందా పత్రమే చెప్పాలి.

షరతులను పాటించడం గురించి దివ్య ఖుర్ఆన్ ఆదేశం సుపరిచితమే. అల్ మాయిదా సూరా మొదటి ఆయతులోనే విశ్వాసులు ఒప్పందాలను నెరవేర్చాలన్న ఆజ్ఞ ఉంది. బనీ ఇస్రాయీల్ సూరా 34వ ఆయతు వాగ్దానం గురించి ప్రశ్నించడం జరుగుతుందని హెచ్చరిస్తుంది. ముస్లిములు తాము ఒప్పుకున్న షరతులకు కట్టుబడి ఉంటారని, హలాలును హరాముగా, హరామును హలాలుగా మార్చే షరతు మాత్రమే దీనికి మినహాయింపు అని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) బోధించినట్లు తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉంది. ఒక వార్తాపత్రిక తన చందాను ఒక్కరికే పరిమితం చేయడంలో హలాలును హరాముగా మార్చడమేమీ లేదు.

వ్యాసాలు, రచనలు ఆస్తిగా పరిగణించదగినవేనా అనే ప్రశ్న కూడా ఉంది. ఈ విషయంలో ఉలమా మధ్య అభిప్రాయభేదం ఉండేదన్నది నిజం. భారత ఉపఖండంలోని గత తరం పెద్దలలో ముఫ్తీ ముహమ్మద్ షఫీ వంటివారు గ్రంథ ప్రచురణ హక్కును విక్రయించదగిన ఆస్తిగా అంగీకరించడానికి సంకోచించారు. ఆయన కుమారుడు ముఫ్తీ తఖీ ఉస్మానీ ఆ హక్కును గుర్తించే వైపు మొగ్గు చూపారు. 1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ తన 43వ తీర్మానంలో రచన, ఆవిష్కరణ వంటి హక్కులు వాటి యజమానులకు చెందినవని, అవి షరీఅత్ రక్షణ కలిగినవని, వాటిని అతిక్రమించడం తగదని ప్రకటించింది. ఈ చర్చలో ఎవరు ఏ పక్షాన ఉన్నా, మనం స్వయంగా ఒప్పుకున్న షరతును నిలబెట్టుకోవాలన్న విధి మాత్రం మారదు. ప్రచురణ హక్కు విషయంలో వేరే అభిప్రాయం ఉన్నవారు కూడా మాట తప్పడానికి దానిని ఆధారం చేసుకోలేరు.

షరతులు మౌనంగా ఉంటే ఏమిటి? ఆచారంగా అందరికీ తెలిసినది షరతుగా రాసుకున్న దానితో సమానమన్న సూత్రం ఫిఖ్‌హ్‌లో ఉంది. ఉస్మానీ ప్రభుత్వ కాలంలో సంకలనమైన న్యాయస్మృతి 'మజల్లా' 43వ సూత్రం దీనిని నమోదు చేసింది. ఒకే కప్పు కింద నివసించే దంపతులు, పిల్లలు ఒక పత్రికను కలిసి చదవడం ఎక్కడైనా ఆచారమే. షరతులలో స్పష్టమైన నిషేధం లేనప్పుడు ఇంటి లోపలి ఈ పంపకాన్ని శంకించవలసిన పని లేదని మా అభిప్రాయం. ఇది ఫత్వా కాదు. ప్రత్యేక పరిస్థితి ఉన్నవారు తమ ప్రాంతపు ఆలిమును సంప్రదించడం మేలు.

తాళంచెవి ఉన్న ఇళ్ళు

ఇక్కడ ఒక సందేహం తప్పక వస్తుంది. అన్నూర్ సూరా 61వ ఆయతు తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పినతండ్రులు, మేనత్తలు, మేనమామలు, పినతల్లుల ఇళ్ళలోనూ, తాళంచెవులు మన చేతికి అప్పగించిన ఇళ్ళలోనూ, స్నేహితుల ఇళ్ళలోనూ భుజించడం దోషం కాదని చెబుతుంది కదా. భోజనమే తినగలిగినప్పుడు సోదరుని పత్రిక చదివితే తప్పేమిటి?

ఆ ఆయతు ఇస్లామీయ కుటుంబ జీవనంలోని ఆత్మీయతకు అద్దం పడుతుంది. అన్న ఇంటి అన్నం మనకు ధర్మసమ్మతం కావడానికి కారణం అది అన్న సొత్తు కావడం, అతని మనసు దానికి అంగీకరించడం. డిజిటల్ చందాలో అన్న చేతిలో ఉన్నది చదువుకునే అనుమతి మాత్రమే. తన సొత్తు కానిదానిని పంచిపెట్టే ఉదారత ఎవరికీ లేదు. అన్న ఇంటికి వెళ్ళి, అతని పక్కన కూర్చొని, అతని ట్యాబ్‌లో పత్రిక చదవడం అతిథి మర్యాదలోకి వస్తుంది. అతని పాస్‌వర్డ్‌ను మన ఊరికి తెచ్చుకొని ఏడాది పొడవునా వాడుకోవడం వేరు. అది అద్దె ఇంటి తాళంచెవికి నకలు చేయించుకున్నట్లు అవుతుంది.

ఇంతకూ "కుటుంబం" అంటే ఎవరు? మన లెక్కలో కువైట్‌లోని కొడుకు ఇంటివాడే. కడప, రాయచోటి ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారు ఎందరో ఇక్కడి ఇంటిని అక్కడి నుండి నడుపుతున్నారు. అత్తవారింట ఉన్న కుమార్తె మన ప్రేమలో ఎప్పటికీ ఇంటి బిడ్డే. డిజిటల్ కంపెనీల లెక్క మాత్రం వేరు. నెట్‌ఫ్లిక్స్ 2023 జులైలో మన దేశంలో పాస్‌వర్డ్ పంపకాన్ని కట్టడి చేసినప్పుడు, ఒక ఖాతా ఒక ఇంటిలో కలిసి నివసించేవారి కోసమేనని చందాదారులకు సందేశాలు పంపింది. దీనికి భిన్నంగా, 2019లో అమెరికా, కెనడాలలో మొదలైన ఆపిల్ న్యూస్ ప్లస్ అనే పత్రికల చందా, ఒకరు చెల్లిస్తే ఆపిల్ కుటుంబ బృందంలో చేర్చిన మరో ఐదుగురు తమ తమ సొంత ఖాతాలతో అదనపు రుసుము లేకుండా చదువుకునే వీలు కల్పించింది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు నిశ్చింతగా వాడుకోదగిన పద్ధతి అది.

రక్తబంధాన్ని నిర్వచించే హక్కు ఏ కంపెనీకీ లేదు. తాను అమ్ముతున్న అనుమతి ఎంతమందికో చెప్పే హక్కు మాత్రం దానికి ఉంది. కువైట్‌లోని కొడుకు మన కుటుంబంలో ఉన్నాడా అని మనం అడగనవసరం లేదు. అతడు ఈ చందాలో ఉన్నాడా అని అడగాలి. లేకపోతే సంపాదనపరుడైన ఆ కొడుకు తన చందా తానే కట్టుకోవడంలో కష్టమేమీ లేదు. నిబంధన అస్పష్టంగా ఉంటే పత్రిక వారి సహాయ విభాగానికి ఒక లేఖ రాస్తే సరిపోతుంది. వారు సరేనంటే అది మనకు స్పష్టమైన హలాలు. కాదంటే సందేహం తీరుతుంది.

వాట్సాప్‌లో వచ్చే పీడీఎఫ్

పాస్‌వర్డ్ పంపకం కంటే విస్తృతమైన అలవాటు మరొకటి ఉంది. తెల్లవారేసరికి గ్రూపులలో పత్రికల పీడీఎఫ్‌లు వరుసగా వచ్చి పడతాయి. చందా కట్టిన వారెవరో పత్రికను దించి వందల మందికి పంపుతారు. మేలు చేస్తున్నామన్న సదుద్దేశమే చాలామందిలో ఉంటుంది.

2020లో లాక్‌డౌన్ వేళ పత్రికలు ఇంటికి చేరడం కష్టమైనప్పుడు ఈ అలవాటు బాగా పెరిగింది. హిందీ దినపత్రిక దైనిక్ జాగరణ్ ఈ-పేపర్‌ను పీడీఎఫ్ రూపంలో టెలిగ్రామ్ ఛానళ్ళు ఉచితంగా పంచుతున్నాయని దాని ప్రచురణకర్తలు ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించారు. అదే సంవత్సరం మే నెలలో న్యాయస్థానం ఆ ఛానళ్ళను తొలగించాలని, వాటిని నడిపేవారి వివరాలను వెల్లడించాలని టెలిగ్రామ్‌ను మధ్యంతర ఉత్తర్వులో ఆదేశించింది. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ఈ-పేపర్‌కూ వర్తిస్తుంది. ఇక ఇతరుల పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడితే 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 66సి సెక్షన్ మూడేళ్ళ వరకు జైలు శిక్షను, లక్ష రూపాయల వరకు జరిమానాను నిర్దేశిస్తుంది.

ఇంటి నలుగురూ ఒక తెరపై చదవడానికీ, మొత్తం పత్రికను ముక్కూమొహం తెలియని వారికి పంచడానికీ మధ్య చాలా దూరం ఉంది. మొదటిదానిలో అభిప్రాయభేదానికి చోటు ఉండవచ్చు. రెండవదానిలో లేదు. మస్జిదు గ్రూపులలో, దీనీ సమావేశాల గ్రూపులలో ఇటువంటివి వచ్చినప్పుడు నిర్వాహకులు మృదువుగా వారించడం మంచిది. మంచి వార్త కనిపిస్తే దాని లింకు పంపవచ్చు, సారాంశాన్ని మన మాటల్లో రాయవచ్చు. కొన్ని పత్రికలు చందాదారులకు వ్యాసాలను కానుకగా ఇచ్చే సదుపాయం కూడా కల్పిస్తున్నాయి. న్యూయార్క్ టైమ్స్ చందాదారులు నెలకు పది వ్యాసాలను చందా లేని మిత్రులకు పంపవచ్చు. పంచుకోవాలన్న కోరిక తీరడానికి ధర్మమైన దారి ఇలా తెరిచే ఉన్నది.

వార్తకు వెల ఎందుకు?

ఇంటర్నెట్‌లో వార్తలు ఉచితంగా దొరుకుతుంటే డబ్బు ఎందుకు కట్టాలని యువకులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అల్ హుజురాత్ సూరా 6వ ఆయతు దుర్మార్గుడు తెచ్చిన వార్తను నిర్ధారించుకోకుండా నమ్మి, తెలియక ఒక జనసముదాయానికి హాని చేయవద్దని మనలను హెచ్చరిస్తుంది. నిర్ధారించడం అనేది ఖర్చుతో కూడిన పని. సంఘటన జరిగిన చోటికి ఒక విలేఖరి వెళ్ళాలి, ఇరు పక్షాలనూ అడగాలి, పత్రాలు చూడాలి, న్యాయస్థానంలో గంటల తరబడి కూర్చోవాలి. పుకారుకు ఇవేవీ అక్కరలేదు గనుకనే అది ఉచితంగా, త్వరగా వస్తుంది. ఆ పుకార్ల వల్ల అందరికంటే ఎక్కువగా నష్టపోతున్న సముదాయాలలో మనమూ ఉన్నాము.

పత్రికలు ప్రకటనల పైనే ఆధారపడితే ప్రకటన ఇచ్చేవారి ఇష్టాయిష్టాలు వార్తలను శాసిస్తాయి. పాఠకుని రూపాయి పత్రికకు కొంత స్వేచ్ఛను ఇస్తుంది. బ్రిటన్‌లో లండన్ టైమ్స్ 2010లో, అమెరికాలో న్యూయార్క్ టైమ్స్ 2011లో చందా గోడలు కట్టినప్పుడు ఎన్నో విమర్శలు వచ్చాయి. నేడు మన దేశంలోనూ ఆ పద్ధతి వేళ్ళూనుకుంది.

వార్త కోసం డబ్బు కంటే విలువైనది ఇచ్చినవారు మన చరిత్రలో ఉన్నారు. 'దిల్లీ ఉర్దూ అఖ్బార్' సంపాదకుడు మౌల్వీ ముహమ్మద్ బాఖర్‌ను 1857 తిరుగుబాటు వేళ ఆంగ్లేయులు హతమార్చారు. హైదరాబాదులో 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ రజాకార్లను విమర్శిస్తూ, భారతదేశంలో విలీనాన్ని సమర్థిస్తూ రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురయ్యారు. కలం పట్టినవారి శ్రమకు వెల ఉందని అంగీకరించడం వారి స్మృతికి మనం ఇవ్వగల కనీస గౌరవం.

మన సముదాయం గురించి పత్రికలు న్యాయంగా రాయడం లేదన్న ఫిర్యాదు మన ఇళ్ళలో తరచుగా వినిపిస్తుంది. అందులో వాస్తవం ఉంది. అయితే ఆ ఫిర్యాదును వినిపించేందుకు చందాదారునికి ఉన్న అధికారం పాస్‌వర్డ్ అరువు తెచ్చుకున్నవారికి ఉండదు. చందాదారుడు సంపాదకునికి లేఖ రాయగలడు, పొరపాటు దిద్దమని కోరగలడు, అవసరమైతే చందా మానేసి కారణం చెప్పగలడు. లెక్కలో లేని పాఠకుని కోపం కూడా లెక్కలోకి రాదు.

ఇంటి లోపల పాటించవలసినవి

అనుమతి ఉన్న చందానే ఇంటివారు కలిసి వాడుకుంటున్నా కొన్ని జాగ్రత్తలు అవసరం.

పాస్‌వర్డ్ ఒక అమానతు. వార్తల చందాకు వాడే పాస్‌వర్డ్‌నే ఈ-మెయిల్‌కు, బ్యాంకుకు కూడా వాడేవారు ఉన్నారు. అటువంటిదానిని మేనల్లునికి పంపితే అతనికి తెలియకుండానే ఇంటి తాళాలన్నీ అప్పగించినట్లవుతుంది. పత్రికకు వేరే పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. ఓటీపీతో లాగిన్ అయ్యే చందాలలో ఆ సంఖ్యను ఇంటి పెద్దలు ఫోనులో చదివి వినిపించే అలవాటు మరీ ప్రమాదకరం. నేడు పత్రిక ఓటీపీ చెప్పడానికి అలవాటుపడినవారు రేపు మోసగాడు అడిగినా బ్యాంకు ఓటీపీ చెప్పివేస్తారు. ఇంట్లోని వృద్ధులకు ఈ తేడాను ఓపికగా వివరించాలి.

పాత ఫోను అమ్మేముందు, మరమ్మతుకు ఇచ్చేముందు పత్రిక యాప్ నుండి లాగౌట్ కావాలి. ఖాతా వివరాలలో లాగిన్ అయి ఉన్న పరికరాల జాబితా ఉంటే మూడు నెలలకు ఒకసారి చూసి, గుర్తు పట్టలేని వాటిని తొలగించాలి. అన్ని పరికరాల నుండి ఒకేసారి బయటికి వచ్చే మీట ఉంటే దానిని నొక్కి పాస్‌వర్డ్ మార్చితే, ఎప్పుడో ఎవరికో ఇచ్చిన తాళంచెవులన్నీ చెల్లకుండా పోతాయి.

ఒకే ఖాతాలో అందరూ చదివితే ఎవరు ఏమి చదివారో మిగతావారికి కనిపించే అవకాశం ఉంది. యవ్వనంలో ఉన్న కుమార్తె ఒక ఆరోగ్య వ్యాసం చదివి ఉండవచ్చు, కోడలు దాంపత్య సమస్యలపై ఒక శీర్షిక చూసి ఉండవచ్చు. ఆ చరిత్రను తవ్వి ప్రశ్నించడం అల్ హుజురాత్ 12వ ఆయతు వారించిన తజస్సుస్‌కు, అంటే ఇతరుల గుట్టు వెదకడానికి దారి తీస్తుంది. చిన్నపిల్లల చదువుపై పర్యవేక్షణ తల్లిదండ్రుల బాధ్యత. ఎదిగినవారి ఏకాంతాన్ని గౌరవించడం కూడా బాధ్యతే. వీలైన చోట ఒక్కొక్కరికి వేరు వేరు ఖాతాలు ఇచ్చే కుటుంబ చందా తీసుకోవడం ఈ కారణంగానూ మంచిది.

చెల్లింపు విషయంలో ఒక మాట. మొదటి నెల నామమాత్రపు ధరకు ఇచ్చి, ఆ తర్వాత పూర్తి ధరను ఖాతా నుండి తానే తీసుకునే చందాలు ఎక్కువయ్యాయి. 2021 అక్టోబరు నుండి అమలవుతున్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఇటువంటి పునరావృత చెల్లింపుకు కనీసం 24 గంటల ముందు ఖాతాదారునికి సందేశం రావాలి. ఆ సందేశాన్ని చదివి, అక్కరలేని చందాను అప్పుడే రద్దు చేసుకోవచ్చు. ఎవరూ చదవని చందాకు ఏడాది పొడవునా డబ్బు పోనివ్వడం దుబారా. క్రెడిట్ కార్డుకు ముడిపెట్టి, గడువులో చెల్లించలేక వడ్డీ తెచ్చుకోవడం అంతకంటే పెద్ద కీడు.

స్తోమత లేనివారికి

చందా కట్టే స్తోమత అందరికీ ఉండదు. పోటీ పరీక్షలకు చదువుతున్న మేనల్లునికి ఆంగ్ల దినపత్రిక నిజంగా అవసరం. అతనికి పాస్‌వర్డ్ పంపడం సులువు. అతని పేరున ఒక చందా కట్టడం ఉత్తమం. అది విద్యాదానం, బంధుత్వ హక్కును నెరవేర్చడం కూడా. విద్యార్థులకు కొన్ని పత్రికలు తగ్గింపు ధర ఇస్తాయి. జిల్లా గ్రంథాలయాలు, కళాశాల గ్రంథాలయాలు పత్రికలను ఉచితంగా చదివిస్తాయి. మస్జిదు కమిటీలు, యువజన సంఘాలు పఠన మందిరాలు ఏర్పాటు చేసి, నాలుగైదు పత్రికలకు సంస్థాగతంగా చందా కడితే ఒక వీధికంతటికీ ధర్మబద్ధంగా వార్తలు అందుతాయి. సంస్థల కోసం వేరే చందా ఉందేమో ముందుగా కనుక్కోవడం మంచిది. కాగితపు ప్రతి అయితే ఆ చింత కూడా లేదు.

ఈ నెలలో ఒక పని చేయమని మా పాఠకులను కోరుతున్నాము. ఇంటివారంతా ఒకసారి కూర్చొని, ఇంట్లో ఏయే డిజిటల్ చందాలు ఉన్నాయో, వాటిని ఎవరెవరు వాడుతున్నారో, షరతులు ఏమి చెబుతున్నాయో చూడండి. అనుమతి ఉన్న చోట సంతోషంగా కలిసి చదవండి. లేని చోట మరొక చందా కట్టండి, లేదా మానండి. పిల్లలు ఇదంతా గమనిస్తారు. కనిపించని యజమాని సొత్తు విషయంలో తల్లిదండ్రులు ఎంత జాగ్రత్తగా ఉన్నారో చూసిన బిడ్డకు, నిజాయితీపై వేరే ఉపన్యాసం అవసరం ఉండదు. మన సంపాదనలోనూ, మన చదువులోనూ అల్లాహ్ శుభం కలిగించుగాక. ఆమీన్.